అద్దాల బీరువాలో పిస్తోలు

హనుమత్ప్రసాద్ లెక్కలో హైదరాబాదులో మనుషులు రెండు రకాలు. బ్లాస్టర్ల విలువ తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు. మొదటి రకంలో ఆయన ఒక్కడే ఉన్నాడు.

బ్లాస్టర్లంటే మరేం కాదు, మెత్తటి స్పాంజి తూటాలు పేల్చే బొమ్మ తుపాకులు. మైత్రీవనంలో జావా పాఠాలు చెప్పే నలభై ఆరేళ్ళ మనిషి, పంజాగుట్ట ఫ్లాటులో అద్దాల బీరువా నిండా వాటినే పేర్చుకున్నాడు. పిల్లలెవరైనా ముట్టుకుంటే వేళ్ళు విరుస్తానంటాడు. అపార్టుమెంటు సంఘానికి సెక్రటరీ కూడా ఈయనే. వాళ్ళ ఖర్మ.

ఆ బీరువాలో ఒకే ఒక్క లోటు, 'మిరాకో-3'. ఎప్పుడో మూతబడ్డ కంపెనీ సరుకు. "అది చెత్త" అన్నాడు ఇలాంటి బొమ్మలు సేకరించేవాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో బెంగుళూరు విజయేందర్. ఈయనకు ఒళ్ళు మండింది. "మీకెవరికీ విలువ తెలియని రత్నం. ఆదివారం ఆరింటికి లైవ్‌లో పేల్చి చూపిస్తా. చూపించకపోతే గ్రూపు వదిలేస్తా" అని సవాలు విసిరాడు. మూడు వందల మంది చూస్తామన్నారు.

చేతిలో బొమ్మ లేకుండానే సవాలు!

అదృష్టం చూడండి. బుధవారం మోడెం మార్చడానికి వచ్చిన కేబుల్ గిరిబాబు సంచి తెరిస్తే, కటింగ్ ప్లేయరు పక్కన అదే బొమ్మ. రంగు వెలిసింది. గొట్టం కింద ఇనుప రింగు బిగించి ఉంది. లోపల ఏదో పాత మోపెడ్ స్ప్రింగు. పైన ఎండిపోయిన పసుపూ కుంకుమా.

"ఏంటయ్యా ఇది? బొమ్మ తుపాకీకి బొట్టేంటి?"

"పోయిన దసరాకు ఆయుధపూజల పెట్టిన సార్. గది నా..."

"నీకు కొత్తది ఇస్తాను, పెట్టెతో సహా. ఇది నాకిచ్చెయ్."

"వద్దు సార్. కొత్తదానికి గింత దమ్ముండది. గిది పనికొస్తది సార్, నేను..."

"పనికా? మీసాలొచ్చినవాడికి బొమ్మ తుపాకీతో ఏం పనయ్యా?"

గిరిబాబు మళ్ళీ నోరు తెరిచాడు. ఎదుటివాడి మాట వినడం హనుమత్ప్రసాద్ సిలబస్‌లో లేదు. ఇరవై నాలుగు ఫ్లాట్ల కనెక్షన్లూ వేరేవాళ్ళకి మార్పిస్తానని బెదిరించాడు. గిరిబాబు పిస్తోలు బల్ల మీద పెట్టి, కొత్త పెట్టె ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

"కోతికి కొబ్బరికాయ దొరికినట్టు, వీడికి దొరికింది చూశావా!" అన్నాడు భార్య వసుమతితో.

ఆవిడ బీరువా వైపు ఒకసారి చూసి వంటింట్లోకి వెళ్ళింది.

మూడు రోజులు సాగింది మరమ్మతు. బొట్టు స్పిరిటుతో తుడిచాడు. రింగు కోసేశాడు. మోపెడ్ స్ప్రింగు పీకేసి, ఎప్పుడో విదేశం నుంచి తెప్పించి దాచిన సన్నటి స్ప్రింగు వేశాడు. నిగనిగలాడే నీలం రంగు కొట్టాడు. పీకిన చెత్తంతా మున్సిపాలిటీ బండిలో పోయింది.

ఆదివారం వచ్చింది. గణపతుల నిమజ్జనాలు నడుస్తున్నాయి. ఐదున్నరకు వీధి నిండా డప్పులు. ఖైరతాబాద్ వైపు పోతున్న లారీలో గల్లీ గణపతి కిరీటం తగిలి, ఎదురు మేడ నుంచి అపార్టుమెంటుకి వచ్చే కేబులు తెగిపడింది. నెట్ పోయింది. ఆ జనసందోహంలో ఫోన్ మాటలకే వచ్చింది, వీడియోకి చాల్లేదు.

గిరిబాబు మనసులో ఏమీ పెట్టుకోలేదు. ఫోన్ చెయ్యగానే వైరు చుట్ట భుజానేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఎదురు మేడ ఎక్కాడు. ఎక్కి, అలాగే నిలబడిపోయాడు. కింద రోడ్డు మీద ఇసకేస్తే రాలనంత జనం.

ఆరింటికి పది నిమిషాలుంది. హనుమత్ప్రసాద్ తన డాబా మీద చిందులేస్తూ ఫోన్‌లో అరిచాడు.

"దిక్కులు చూస్తావేంటయ్యా? పోయినేడు ఇలాగే తెగితే ఐదు నిమిషాల్లో లాగావని వాచ్‌మన్ చెప్పాడే! ఇప్పుడేం రోగం?"

"గా రింగుకు దారం కండె తగిలించి, కొస తూటాకు ముడేసి, ఈడికెళ్ళి మీ డాబా మీదికి కొట్టి, గా దారంతోటి వైరు గుంజింది గా పిస్తోలుతోనే సార్."