పట్టాల మీద వెల్ష్

నాకు వెల్ష్ భాష రాదని ఎవరికీ చెప్పకండి. పేరేమో టెగ్వెన్ అని అచ్చ వెల్ష్ పేరు, పుట్టిందేమో వేల్స్‌లో, చదివిందంతా ఇంగ్లీషు బళ్లో.

ఎప్పుడో మూతపడ్డ మా కొండ చిన్నరైలుకి శనివారం శనివారం మళ్లీ పట్టాలేస్తున్నాం, జీతం లేని వాలంటీర్లం. ఎనిమిదిమందిమి పట్టుకార్లతో పట్టా మోస్తాం. మేస్త్రీ ఇడ్వాల్ వెల్ష్‌లో "కోడి!" అని అరిస్తే ఎత్తాలి, "లౌర్!" అంటే దించాలి. ఆ రెండు మాటలూ ముందువాళ్ల భుజాలు చూసి నేర్చుకున్నవే. ఆయన తను ముందు నిలబడి, నన్నెప్పుడూ చివర్లోనే పెడతాడు.

ఇవాళ ముందుండే మనిషి రాలేదు.

"ఏమ్మా, టీ తాగిపోదామనే వచ్చావా? ముందుకి రా," అన్నాడు ఇడ్వాల్.

ముందుకెళ్తే చూడ్డానికి భుజాలే లేవు. ఈయన కొత్త మాటేదైనా అరిస్తే? నేను తప్పుగా వదిలేసి, పట్టా ఎవరి కాలిమీదైనా పడితే?

"ఇడ్వాల్ గారూ, నాకు వెల్ష్ రాదండీ," అన్నాను, ఆయనొక్కడికే వినపడేట్టు. "తెలీని మాట అరవకండి, ప్లీజ్."

ఆయన గబుక్కున వెనక్కి చూసి, నా పక్కకి వంగాడు.

"మెల్లగా తల్లీ! కొత్త మాట ఎక్కణ్ణుంచి తెస్తాను? నాకొచ్చిందీ ఆ రెండే. మా నాన్న నన్నూ ఇంగ్లీషు బళ్లోనే వేశాడు."

"మరి నన్ను చివర్లో ఎందుకు పెట్టారు?"

"అంత చక్కటి వెల్ష్ పేరాయె! దగ్గరుంటే వెల్ష్‌లో పలకరిస్తావేమోనని ఆరు శనివారాలు హడలి చచ్చాను."