ఖాళీ సంచి

అక్క ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి కదలడం లేదు.

ఎదురుగా లెక్కల మాస్టారు నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కాలు అక్క వెనకున్న అరలో ఉన్నాయి. తీసివ్వాలంటే వెనక్కి తిరగాలి. తిరిగితే వెనకంతా తడిసిపోయిన బట్టలు ఆయన కంటపడతాయి.

"ఒక్క నిమిషం సార్," అంది అక్క. కాసేపాగి మళ్లీ అదే మాట అంది.

లోపల బట్టలు పిండుతున్న చెల్లికి ఆ గొంతు వినగానే అర్థమైపోయింది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, దుప్పటొకటి దులుపుతున్నట్టుగా అక్క వెనక అడ్డం పెట్టింది. రెండో చేత్తో చొక్కాలు తీసిచ్చి మాస్టారిని సాగనంపింది.

"మళ్లీనా?"

"ఆగితే కదా, మళ్లీ అనడానికి."

నిజమే. ఈసారి మొదలై మూడు వారాలు దాటింది. రక్తం గడ్డలు గడ్డలుగా పోతోంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. నలభై ఆరేళ్లొచ్చాయి, ఈ వయసులో ఇవన్నీ మామూలే, ఇంకో రెండేళ్లు ఓర్చుకో అన్నవాళ్లే అందరూ. అక్క ఓర్చుకుంది. ఓర్చుకోవడంలో ఆవిడకి అనుభవం ఎక్కువ.

ఊళ్లోవాళ్ల బట్టల మీద మరకలన్నీ పోగొట్టే ఆ ఇద్దరికీ, ఇంట్లో పరుపు మీది మరక మాత్రం లొంగలేదు. ఒకటి వదిలించేలోపు ఇంకొకటి.

ఆ మధ్యాహ్నం అక్క స్నానాల గదిలో పడిపోయింది. బడి నుంచి వచ్చిన చెల్లి కూతురు తలుపు తోసి చూసి "పెద్దమ్మా" అని ఒక్క కేక పెట్టింది. చెల్లి షట్టరు సగం దించేసి, అక్కని ఆటోలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది.

ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉందన్నారు. ఎక్కించాలన్నారు. చెల్లి చెయ్యి చాపింది. ఇద్దరిదీ ఒకటే గ్రూపు.

"అక్కాచెల్లెళ్లు కదా మరి," అంది నర్సు.

కాస్త తేరుకున్నాక, ముందు నుంచీ అక్కకి మందులిస్తున్న డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"గర్భసంచిలో గడ్డలు పెద్దవయ్యాయమ్మా. మాత్రలు వాడి చూశాం. ఒళ్లు ఉబ్బింది తప్ప రక్తం ఆగలేదు. లోపల మందు లూపు వేశాం. అదీ రక్తంతో పాటే జారిపోయింది. లోపలి పొర కాల్చే పద్ధతి ఉంది గానీ ఇంతింత గడ్డలకి పనిచేయదు. ఇక రెండే దారులు. గడ్డలు మాత్రం తీసి సంచి ఉంచడం, లేదా సంచే తీసేయడం. మొదటిదాంట్లో రక్తం ఎక్కువ పోవచ్చు, గడ్డలు మళ్లీ రావచ్చు. రెండోదైతే ఈ బాధ ఇంక ఉండదు. ఏదైనా మీరే చెప్పాలి. ఆలోచించుకోండి."

"సంచి ఉంచెయ్యండి," అంది అక్క, ఆలోచించకుండానే.

డాక్టరమ్మ బయటికి వెళ్లేదాకా చెల్లి పంటి బిగువున ఆగింది.

"మతుండే మాట్లాడుతున్నావా? ఏముందని అందులో? ఖాళీ సంచి."

అన్నాక నాలిక్కరుచుకుంది. అక్క గోడ వైపు తిరిగింది.

"మా అత్తా అదే అనేది. పెళ్లైన నాలుగో ఏటి నుంచీ రోజూ అనేది. గొడ్రాలని వీధంతా చాటింది. ఆయన పక్కనే కూర్చుని వినేవాడు, ఒక్కనాడూ కాదనలేదు. నెలనెలా వస్తున్నంత కాలం నాలో లోపం లేదులే అనుకుంటూ వచ్చానే. ఇప్పుడు తీయించుకుంటే, వాళ్లన్నది నిజమేనని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు కదూ."

చెల్లి మంచం కాళ్ల వైపుకి జరిగింది. అక్క పాదాలు చేతుల్లోకి తీసుకుంది. మంచుగడ్డల్లా ఉన్నాయి. వేడి పుట్టేదాకా రుద్దింది.

"ఆ మహానుభావుడు బతికున్నా ఇప్పుడిక్కడ ఉండేవాడు కాదులే," అంది చివరికి. "అర్జంటు పనుందని చెప్పి ఎటో జారుకునేవాడు."

"జారుకునేవాడు."

"ఫోను చేసినా ఎత్తేవాడు కాదు."

అక్కకి నవ్వొచ్చింది. ఆ కాస్త నవ్వుకే లోపల ఏదో తెగినట్టయింది. దుప్పటి ఎర్రబడింది. చెల్లి నర్సు కోసం పరిగెత్తబోతే అక్క చెయ్యి వదల్లేదు.

"భయంగా ఉందే."

"నాకూ భయంగానే ఉంది. అందరూ మొహాన తలుపులేసినప్పుడు నువ్వొక్కదానివే లోపలికి రమ్మన్నావు. నువ్వు పోతే నేనూ నా పిల్లా ఎవరి గుమ్మం ఎక్కాలి? దానికి జ్వరమొస్తే కునుకు లేకుండా కూర్చునేది నువ్వు. జడ వేసేది నువ్వు. నీ సంచిలో పెరగకపోతేనేం, నీ చంకలో పెరగలేదా?"

అక్క అప్పుడు చెల్లి చెయ్యి వదిలింది.

"డాక్టరమ్మని పిలు," అంది. "తీసెయ్యమను."

ఆపరేషను గది తలుపు కదిలినప్పుడల్లా చెల్లి లేచి నిలబడింది. లేచిన ప్రతిసారీ ఇంకెవరినో తోసుకొచ్చారు. చివరికి అక్కని తీసుకొచ్చినప్పుడు లేవలేకపోయింది.

మూడో రోజుకి అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. పక్క మీద తెల్ల దుప్పటి తెల్లగానే ఉంది. చెల్లి కింద కూర్చుని, తల మంచం మీద వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"బోలెడంతమంది అక్కాచెల్లెళ్లని చూశానమ్మా," అంది నర్సు సూది మందు చేస్తూ. "ఇలాంటి చెల్లిని చూళ్లేదు. ఎక్కడ దొరికింది మీకు?"

అక్క ఆ నిద్రపోతున్న తల మీద చెయ్యి వేసింది.

"మా ఆయన శవం దగ్గర," అంది, "నాకంటే ముందే వచ్చి, అచ్చం ఆయన ముక్కే ఉన్న పసిపిల్లని ఒళ్లో వేసుకుని, పెళ్లాం కూర్చోవాల్సిన చోట కూర్చుని ఏడుస్తుంటే దొరికింది."