మెయిన్ బంద్ చెయ్యుండ్రి

నల్లా తిప్పబోయిన లీల చెయ్యి జివ్వుమంది.

"ఇగో, మల్ల షాక్ కొడుతున్నది!"

"వానకాలం గట్లనే ఉంటది. చెప్పులేసుకొని తిప్పు" అన్నాడు అనంత్ రావు, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆ ఇంట్లో కరెంటు షాకుకు తెలిసిన మందు అదొక్కటే. అందుకే నల్లా పక్కన ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులుంటాయి. నల్లా తిప్పినా, దండెం మీద బట్టలారేసినా లీల అవే తొడుక్కుంటుంది. ఎక్కడో జరిగే యుద్ధాన్ని ఎట్లా ఆపాలో గంటసేపు చెప్పగల అనంత్ రావుకు, ఎలక్ట్రీషియన్ గణేశ్‌కు ఒక్క ఫోన్ చేయడానికి మాత్రం నెల రోజులుగా తీరిక దొరకలేదు.

"నల్లా సంగతి తర్వాత. కాలనీ గ్రూపుల ఏం పెట్టిన్రో చూడు. రిపేర్లోళ్ల లెక్క వచ్చి పట్టపగలే పిల్లల్ని ఎత్కపోతున్నరట. గేటు గొళ్లెం పెట్టుకో" అని చెప్పి ఆయన జగిత్యాల బస్సుకు బయలుదేరాడు.

కొడుకు, కోడలు అప్పటికే డ్యూటీలకు పోయారు. ఇంట్లో మిగిలింది లీల, నాలుగేళ్ల మనవరాలు దీక్షిత.

లీల ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. మూడోసారి చదివి, పోయి గేటు గొళ్లెం పెట్టింది.

సరిగ్గా అప్పుడే ప్రహరీ అవతల ఎవడో కనిపించాడు. యాభై దాటిన బక్కపలచని మనిషి. భుజానికి గుడ్డసంచి. గోడ మీది ఇనుప జాలికి కట్టిన దండెం కొసను స్క్రూడ్రైవర్ లాంటి దానితో పొడుస్తున్నాడు.

"ఏయ్, ఎవలు నువ్వు? ఏం చేస్తున్నవు?"

"అమ్మా, గీ దండెం ఇనుప తీగనేనా?"

"ఏదైతే నీకెందుకు?"

"ఇంట్ల చిన్నపోరలున్నరా అమ్మా?"

వీడికి పిల్లల సంగతెందుకు? లీల ఫొటో తీసి గ్రూపులో పెట్టింది. "మా గేటు కాడ ఉన్నడు. జల్ది రాండ్రి" అని కింద రాసింది.

ఇంతలో దీక్షిత వట్టి కాళ్లతో తడి వాకిట్లోకి ఉరికింది. దండెం మీది గులాబీ గౌను కోసం చెయ్యి చాపింది.

ఆ మనిషి గేటు దూకి వచ్చి పిల్లను రెండు చేతులతో ఎత్తుకున్నాడు.

"అయ్యో! నా మనుమరాలిని ఎత్కపోతున్నడో!"

ఆ కేకకు కాలనీ అంతా కదిలింది. పక్కింటి ప్రభాకర్ ముందు, ఆయన వెనక మరో నలుగురు. పిల్లను లాక్కుని లీల చేతికిచ్చారు. అడిగింది లేదు, విన్నది లేదు, కొట్టడమే.

"మెయిన్ బంద్ చెయ్యుండ్రి అయ్యా... ముందుగాల మెయిన్ బంద్ చెయ్యుండ్రి" అంటున్నాడతను, దెబ్బకూ దెబ్బకూ మధ్య.

"విన్నరా? కరెంట్ తీపిచ్చి ఇండ్లల్ల జొరబడుడే వీళ్ల పని. గ్రూపుల అచ్చం గిదే రాసిన్రు!" అని ప్రభాకర్ ఇంకో రెండు తగిలించాడు.

మళ్లీ కోరుట్లలో కనిపిస్తే కాళ్లు విరగ్గొడతామని చెప్పి, ఆటోలో పడేసి బస్టాండుకు పంపించారు. పెదవి పగిలి నెత్తురు కారుతున్నా, అతను ఆటోలోంచి తల బయటపెట్టి లీలనే చూశాడు.

"నన్ను కొడితే కొట్టిన్రు గని, గా తీగ ముట్టకుండ్రి అమ్మా."

వాడి కళ్లు మనవరాలి మీదనే ఉన్నట్టు తోచింది లీలకు. తలుపులన్నీ బిగించుకుని, పిల్లను ఒళ్లోంచి దింపలేదు. ఆకు కదిలినా ఉలిక్కిపడింది. ఆరిన బట్టలు తీయడానికి కూడా గడప దాటలేదు.

మూడు గంటలకు అనంత్ రావు గణేశ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. నల్లా కోసం కాదు, గేటు కనబడేలా సీసీ కెమెరా బిగించడానికి.

దండెం రెండో కొస కట్టిన రేకుల షెడ్డు ఇనుప కంబానికి నిచ్చెన వేయబోతూ గణేశ్ ఎందుకైనా మంచిదని టెస్టర్ పెట్టి చూశాడు. చటుక్కున వెనక్కి జరిగాడు.

"సార్, మెయిన్ బంద్ చెయ్యుండ్రి! జల్ది!"

షెడ్డులోని బల్బు వైరు రేకుకు ఒరుసుకుని తెగింది. రేకు నుంచి కంబానికి, కంబం నుంచి దండేనికి, నల్లా పైపుకు కరెంటు పారుతోంది.

"తడి కాళ్లతోని ఎవలన్న గీ దండెం పట్టుకుంటే అక్కడికక్కడే పోదురు. మీ నసీబ్ మంచిగుంది సార్, ఎవ్వలు ముట్టలే."

పొద్దున దీక్షిత చాపిన ఆ చిన్న చెయ్యి లీల కళ్ల ముందు కదిలింది. దానికీ తీగకూ మధ్య జానెడు దూరం. పొద్దంతా పడ్డ భయం అసలు భయమే కాదనిపించింది.

ఫోన్ తీసి ఆ ఫొటో గణేశ్‌కు చూపించింది. "గీయన నీకు ఎరుకేనా?"

"దేవదాసన్న గదమ్మా! బోయినపల్లాయన. వానలు పడితె చాలు, ఊరూరు తిరిగి దండేలు చూస్తడు. ఇనుప తీగ కనబడితె ఇప్పేసి నైలాన్ తాడు కడతడు. మీకాడికి గూడ అచ్చిండా?"

గణేశ్ దగ్గర నంబరు తీసుకుని లీలే ఫోన్ చేసింది. అవతల ఆయన భార్య ఎత్తింది.

"కోరుట్ల నుంచి మాట్లాడుతున్ననమ్మా. మాతోని పెద్ద తప్పయింది. ఒక్కసారి ఆయనకియ్యి."

"ఎవలతోని మాట్లాడుత లేడమ్మా. గా ఫొటో సిరిసిల్ల దాక పోయిందట. ఇగ ఏ గడపకు పోనని తాళ్ల సంచి తీసి పొయ్యిల పెట్టిండు."

"ముక్కు మొగం తెల్వని మా అసొంటోళ్ల కోసం ఆయనెందుకమ్మా గిట్ల తిరుగుడు?"

"మూడేండ్ల కింద మా బిడ్డ ప్రీతి బట్టలారేసుకుంట దండెం మీదనే పానం ఇడిసింది... గా ఇనుప తీగ కట్టింది ఈయనేనమ్మా."