గట్టు మీద బువ్వంబంతి

"తాతా, ఆ టార్చి కొంచెం కిందికి పట్టు."

కుప్పయ్య పట్టాడు.

పాకాల దగ్గర ఆ చేనిగట్టు మీద, తంగేడు పొదల్లో, ఒంటికంటే పొడుగు మీసాలున్న ఆకుపచ్చ కీచురాళ్లు ఉన్నాయి. అవి ఏ జాతివో తేల్చడానికి తిరుపతి నుంచి వచ్చింది లోహిత. కూత రికార్డు చేయాలి, జతకట్టడం కళ్లారా చూడాలి. లేదంటే రెండేళ్ల పరిశోధన గంగపాలే.

మొదటిరోజు గట్టు మీద కుప్పయ్యను చూసి కాపలా మనిషనుకుంది. చిరిగిన తువ్వాలు, చేతికర్ర. ఇంకేమనుకుంటుంది?

"పదిరోజులు చేన్లోకి ట్రాక్టరు రాకూడదు తాతా. గట్టు కంప కొట్టకూడదు. పొద కదిలితే నా పని అయిపోయినట్టే. మీ ఆసామికి చెప్తావా?"

కుప్పయ్య ఆమెను ఎగాదిగా చూశాడు.

"సెప్తాలే పాపా. నా మాట ఇంటాడు."

నాలుగోరోజు మంచి వాన పడింది. చుట్టుపక్కల అందరూ శనక్కాయ విత్తుకున్నారు. కుప్పయ్య చాలాసేపు చేను వైపే చూస్తూ కూర్చున్నాడు. లోహితకు పొదలు తప్ప ఏమీ పట్టలేదు.

పొద్దుగూకగానే కూత మొదలైంది.

"కూసేది మొగోడు. తోక కాడ కొడవలి ఉండేది ఆడది. అది గమ్మున వస్తాది, సూస్తా ఉండు."

"నాకే పాఠం చెప్తున్నావే," అని నవ్వింది లోహిత.

తొమ్మిదోరోజు ఆడది వచ్చింది. జత విడిపోయాక దాని పొట్ట చివర తెల్లటి ముద్ద మిగిలింది. మగది ఇచ్చిపోయిన ముద్ద. ఆడది వంగి తీరిగ్గా తినసాగింది.

"సూసినావా, బువ్వంబంతి," అన్నాడు కుప్పయ్య గొంతు తగ్గించి. "మా పెండ్లిలో అలివేలుకు నేను పెట్టిన ముద్దకంటే పెద్దదే."

లోహితకు సంతోషంతో కళ్లు చెమర్చాయి.

"మీ ఆసామికి నా నమస్కారాలు చెప్పు తాతా."

"సెప్తాలే."

డిసెంబరులో పరిశోధన అచ్చయింది. మొదటి ప్రతి ఆసామికే ఇవ్వాలని మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చింది. చుట్టూ చేలల్లో పంట ఎత్తేశారు. ఆ చేను మాత్రం దున్నకుండా గడ్డి పట్టి ఉంది.

పక్క చేనిలో చంద్రకాంతమ్మ ఆవును మేపుతోంది.

"అమ్మా, ఈ చేని ఆసామి ఎక్కడున్నారు?"

"తిరుమలకు పొయినాడు అమ్మణ్ణీ. ఆడ హోటల్లో అంట్లు కడగతా ఉండాడు. ఈ ఏడు పంట ల్యాకపాయ గదా."

"ఎందుకు లేదు?"

"పదునుండంగా ఇత్తల్యా. మళ్లా ఇత్తే అదును పొయ్యేదాకా వాన రాల్యా."

"అయ్యో, ఎందుకు విత్తలేదు?"

"ఎవురో సదువుకునే పాప వచ్చుండాదని, ఆ పురుగుల పెండ్లి అయ్యేదాకా సొంత చేన్లో ట్రాక్టరు దించనన్నాడు మా కుప్పయ్య."