తండ్రి వైపు చాలు

"మిల్లర్! ఆ పేరు పలికితేనే నోరంతా ఇంగ్లిషు వాసన," అంది మదాం ఎర్మెలిన్ గార్నెవిల్, సూప్ గిన్నె బల్ల మీద ఠపీమని పెడుతూ.

కొడుకు గొంత్రాన్ తల వంచుకుని బఠాణీ సూప్ తాగుతున్నాడు. అతని పక్కన కూర్చున్న సొలాంజ్ మిల్లర్ మాత్రం తల దించలేదు. ఆమె లేవీ పట్నంలో పంతులమ్మ. తండ్రి పోయాడు, తల్లితో ఉంటోంది. కాబోయే అత్తగారిని చూడ్డానికని గొంత్రాన్ పిలిస్తే ఆ ఆదివారం ఈ ఊరొచ్చింది.

"మా ఇంట్లో ఫ్రెంచే మాట్లాడతామండీ. మా నాన్నకి ఇంగ్లిషు ముక్క కూడా వచ్చేది కాదు."

"రాకపోతే? ఇంటిపేరు చెప్పడం లేదూ! రెండొందల ఏళ్ళనాడు మన ఊళ్ళు తగలబెట్టడానికొచ్చిన ఇంగ్లిషు సిపాయి ఎవడో ఇక్కడే తిష్ట వేసుంటాడు. అటు చూడు."

గోడ మీద ఈకల టోపీతో ఒక పెద్దమనిషి బొమ్మ.

"కెప్టెన్ గార్నెవిల్! ఫ్రాన్స్ రాజుగారి సైన్యంతో కలిసి క్యుబెక్‌లో ఓడ దిగిన మనిషి. అదీ మా వంశం!"

ఆ వంశం ఆవిడకి పెళ్ళితో వచ్చిందే. కెప్టెన్ ఎలా ఉండేవాడో ఎవరికీ తెలీదు గనక, చిత్రకారుడు ఆయనకి ఆవిడ భర్త మొహమే పెట్టాడు. అయినా ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకెవరికీ అంత గర్వం లేదు.

"అమ్మా, ఇది 1962. ఇంకా సిపాయిలేమిటి?" అన్నాడు గొంత్రాన్.

"నువ్వుండరా. ఈ పిల్ల వంశం తవ్విస్తాను. పాతకాలపు ఫ్రెంచి రక్తమని తేలిందా, పెళ్ళి. లేదంటే పిల్ల కావాలో పొలం కావాలో నువ్వే తేల్చుకో."

సొలాంజ్ చెంచా కింద పెట్టింది. "మీ ఇష్టమండీ. ఎవరిచేతనైనా చూపించండి. క్యుబెక్‌లో వంశాల పుట్టుపూర్వోత్తరాలు తీసే వెజినా గారని ఒకాయన ఉన్నారు, ఆయన దగ్గరికి మాత్రం వద్దు."

"ఏం?"

"మొహమాటమన్నదే ఎరగరట. మా బళ్ళో ఒకావిడ సంబంధం ఆయన మాటతోనే చెడిపోయింది."

మదాం గార్నెవిల్ ఆ రోజు మొదటిసారి ఆ పిల్ల వంక చూసి నవ్వింది.

మర్నాడే రైలెక్కి క్యుబెక్ వెళ్ళింది. అన్సెల్మ్ వెజినా గారు తెల్లగడ్డం మనిషి. కూర్చోమని కూడా అనకుండా కళ్ళద్దాల మీంచి చూశారు. ఆ తీరు ఆవిడకి బాగా నచ్చింది.

"తల్లి వైపు కూడా చూడమంటారా?"

"ఆడవాళ్ళ వైపు ఎవరిక్కావాలండీ? ఇంటిపేరు తండ్రిది. తండ్రి వైపు చాలు."

"చిత్తం," అన్నారాయన.

చలికాలమంతా గడిచింది. ఊళ్ళో మేపుల్ చెట్ల రసంతో పాకం కాస్తున్న రోజుల్లో వెజినా గారు స్వయంగా వచ్చారు.

"ఇంగ్లిషువాడేనా?" ఆశగా అడిగింది మదాం గార్నెవిల్.

"కాదు. అసలు ఇంటిపేరు మెనియే. అంటే పిండిమర ఆడించేవాడు. ఇంగ్లిషు దొరల కాలంలో ఒక గుమాస్తా దాన్ని వాళ్ళ భాషలోకి తిప్పేసి మిల్లర్ అన్నాడు. ఆ మెనియే నార్మండీ నుంచి 1657లో వచ్చాడు."

"అంత పాతకాపా! మా కెప్టెన్ కంటే ముందా?"

వెజినా గారు గొంతు సవరించుకున్నారు. "పోల్చి చూడాలి కదా, అందుకని మీ వంశం కూడా తిరగేశాను."

"అది అందరికీ తెలిసిందేగా."

"తెలీదనే అనుకుంటున్నాను. మీ కెప్టెన్ ఓడ దిగిన మాట నిజమే. సంకెళ్ళతో దిగాడు."

"యుద్ధంలో పట్టుబడ్డాడా?"

"ఉప్పుతో పట్టుబడ్డాడు. సుంకం ఎగ్గొట్టి ఉప్పు మూటలు దాటిస్తుంటే దొరికాడు. రాజుగారు 1733లో ఇక్కడికి తోలేశారు."

"మరి సైన్యంతో కలిసి వచ్చాడని..."

"సైన్యం ఉంది మదాం. కాపలాకి."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఈ సంగతి ఎవరితోనైనా అన్నారా?"

"ఇంకా లేదు. కానీ మిల్లర్ వాళ్ళు వచ్చి అడిగితే అబద్ధం చెప్పలేను. పాత కుటుంబం. పిల్లనిచ్చే ముందు వాళ్ళూ ఆరా తీస్తారు కదా."

ఆ ఆదివారం మదాం గార్నెవిల్ చక్కెర కూరి కాల్చిన రొట్టె, మేపుల్ పాకం సీసా పట్టుకుని లేవీ వెళ్ళింది. వాకిట్లోనే సొలాంజ్‌ని కావలించుకుంది. వీధివైపు గదిలో కూర్చోగానే ఆ పిల్ల చెయ్యి పట్టుకుని అడిగింది.

"మా గురించి... వంశం గట్రా... మీరేమైనా విచారించాలనుకుంటున్నారా అమ్మా?"

"అదెందుకండీ? మనుషులు మంచివాళ్ళైతే చాలదూ?"

"నా తల్లే! నేను మొదట్నించీ అనేది అదే కదే!"

జూన్‌లో ముహూర్తం పెట్టుకున్నారు. ఈకల టోపీ బొమ్మ అటక ఎక్కింది. గోడకి సున్నం వేయించాలని చెప్పింది ఆవిడ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ. వెజినా గారి నోటికి భయపడి, ఆయన్ని పెళ్ళికి తనే స్వయంగా పిలిచింది.

పెళ్ళిరోజు చర్చి కిటకిటలాడింది. ఆర్గన్ మోగింది. తలుపులు తెరుచుకున్నాయి. తండ్రిలేని పెళ్ళికూతురు వెజినా గారి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది.

మదాం గార్నెవిల్ గుండె పొంగిపోయింది. పక్కావిణ్ణి మోచేత్తో పొడిచి, "చూశావా? క్యుబెక్ అంతటికీ పేరున్న మనిషి. నా మాట మీద వచ్చి, తండ్రి స్థానంలో నిలబడ్డాడు," అంది.

ముందు వరస దగ్గరికొచ్చాక పెళ్ళికూతురు ముసలాయన వైపు వంగి చిన్నగా అంది.

"మెల్లిగా నడు. నువ్వు పడితే అమ్మ నన్ను తిడుతుంది తాతయ్యా."