నీళ్లు ఎక్కడివి?

"నీళ్లు ఎక్కడినుంచి తెచ్చావు?" అని అడిగింది ఒడీలియా.

"బ్రోన్ నుంచి అత్తయ్యా," అంది హెట్టీ బకెట్ దింపుతూ.

ఊటకు ఈ డచ్చి పల్లెలో మాట అదే. ఇంట్లోకి కుళాయి వచ్చి ఆరేళ్లయినా కాఫీకి ఊట నీళ్లే కావాలంటుంది ముసలావిడ. తెచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న వేసి కోడలి నోటివంకే చూస్తుంది. కాపురానికొచ్చిన వారంలోనే హెట్టీ నోట ఒకసారి ఊటకు తన పుట్టింటి మాట జారింది. ఇరవై ఏళ్లుగా ఈ పరీక్ష అందుకేనని ఆమె భయం.

ఈ దేశంలోనే మాస్ట్రిక్ట్ వైపు పిల్ల, నా అన్నవాళ్లు లేరు అని భర్త మాతియాస్ తల్లికి చెప్పాడు. నిజానికి హెట్టీది కొండ అవతలి జర్మనీ. ఈ ఇంటి చిన్నకొడుకు యెఫ్‌ను యుద్ధంలో కాల్చి చంపింది జర్మన్ సైనికులు. సంగతి బయటపడితే ఈ గడపలో ఒక్కపూట కూడా చోటుండదు. పుట్టింటి కబుర్లు ముసలావిడా ఎత్తదు. అదొక్కటే హెట్టీకి కలిసొచ్చింది.

ఆ ఉదయం కాఫీకి అతిథి ఉన్నాడు. పల్లెపల్లెకూ తిరిగి మాటలు సేకరించే స్మేట్స్ మాస్టారు. నేలలోంచి నీళ్లు ఉబికే బొమ్మ చూపించి ఏమంటారని అడిగాడు. ఒడీలియా బ్రోన్ అంది. రాసుకుని కోడలివైపు తిరిగాడు.

"తడుముకోకుండా చెప్పాలమ్మా. చిన్నప్పుడు నీళ్లకు పంపేటప్పుడు మీ అమ్మ ఏమనేది?"

అమ్మ కళ్లముందు మెదిలింది.

"బోర్న్," అనేసింది హెట్టీ.

మాస్టారికి ముచ్చటేసింది. రెండూ ఒకే పాత మాట పిల్లలట, 'ర' అటూ ఇటూ గెంతిందట. కాకపోతే ఈ రెండోది సరిహద్దు అవతల జర్మన్ పల్లెల్లో వినిపించేది, మీకెలా పట్టుబడిందని అడిగాడు. హెట్టీ కప్పు కింద పెట్టేసింది.

"నా దగ్గర నేర్చుకుంది," అంది ఒడీలియా. "రాసుకుని కాఫీ తాగవయ్యా, చల్లారిపోతోంది."

ఆయన వెళ్లాక హెట్టీ అడిగింది.

"మీకు తెలుసు కదూ అత్తయ్యా?"

"నువ్వొచ్చిన వారమే తెలిసింది."

"మరి రోజూ ఎందుకలా అడిగేవారు?"

ఒడీలియా గోడమీది యెఫ్ ఫొటోను కాసేపు చూసింది. తర్వాత ఖాళీ బకెట్ కోడలి చేతికిచ్చింది.

"ఆ మాట ఇంకోసారి అంటావేమోనని."

హెట్టీకి అర్థం కాలేదు. ముసలావిడ గొంతు తగ్గించింది.

"మా అమ్మా ఊటను బోర్న్ అనే అనేది."