ఊదితేనే ఆట

ఆ రాత్రి పుంగనూరు ఇంట్లో నేనొక్కణ్ణే ఉండాను. అటక మీంద పాత టీవీ గేమ్ దొరికింది. పదకొండేండ్ల కిందట, తొంభై ఆరులో, మదనపల్లెలో కొన్నది. సంబరంగా టీవీకి తగిలించి క్యాసెట్ పెట్టినాను. తెర బూడిదరంగులోనే ఉండిపోయింది.

అప్పట్లో క్యాసెట్ మొరాయిస్తే దాని అడుగున గట్టిగా ఊదేవాళ్లం. ఆ పని ఎప్పుడూ మా చిన్నాయన కొడుకు మునిచంద్రదే. వానికి ఉబ్బసం. "ఆయాసమొస్తాందన్నా" అని ఏడ్సినా నేను వినేవాణ్ణి కాదు. "ఊదితేనే ఆడనిస్తా" అనేవాణ్ణి. పాపం, ఊదేవాడు. ఆట మొదలైనాక జాయ్‌స్టిక్ మాత్రం నేను ఇచ్చేవాణ్ణి కాదు. ఆ ఏడు వానాకాలంలోనే వాడు ఊపిరాడక పోయినాడు.

ఇప్పుడు నేనే పదిసార్లు ఊదినాను. పని చెయ్యలేదు. విసుగొచ్చి, "నువ్వుండాల్సిందిరా మునిచంద్రా" అని నవ్వినాను.

చేతిలోని క్యాసెట్ లోంచి చల్లటి గాలి నా మొగానికి కొట్టింది. దాని ఎనకాలే, అప్పట్లో వాని రొమ్ములో వినబడిన పిల్లికూతల సద్దు.

క్యాసెట్ మళ్లా పెట్టినాను. తెర వెలిగి ఆటలోని పాట మొదలైంది. జాయ్‌స్టిక్ అందుకోబోతే అది నేల మీంద జరిగి దూరంగా పోయింది.

"ఈసారి నేనాడతానన్నా" అని నా చెవి పక్కనే వినిపించింది.

అంతలో తెర మళ్లా బూడిదరంగైంది.

"ఊదన్నా."

ఊదినాను.

"ఇంకోసారి."

ఊదినాను. పిల్లికూతలు ఇప్పుడు నా రొమ్ములోంచి వస్తాండాయి.

"ఇంకోసారన్నా."